పేరున్న పెట్రోల్, మామూలు పెట్రోల్: ఇంజిన్‌కు నిజంగా మేలు చేసేది ఏది?

వ్యవసాయంలో యంత్రాల వాడకం పెరిగే కొద్దీ రైతు కుటుంబంపై పెట్రోల్ ఖర్చు కూడా పెరుగుతున్నది. ఒకప్పుడు మోటారు సైకిలుకు మాత్రమే అవసరమైన పెట్రోల్ నేడు తైవాన్ స్ప్రేయర్‌కు, బ్రష్ కట్టర్‌కు, పవర్ వీడర్‌కు, చిన్న పంపుసెట్టుకు, ఇంటి కారుకు కూడా కావలసి వస్తున్నది. బంకుకు వెళ్లినపుడు మామూలు పెట్రోల్ పక్కనే ఎక్స్‌పీ-95, స్పీడ్, పవర్-95 వంటి పేర్లతో మరొక పెట్రోల్ కనిపిస్తుంది. దాని ధర లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువ. దానిని వాడితే బలం పెరుగుతుందని, మైలేజి ఎక్కువ వస్తుందని, ఇంజిన్ శుభ్రంగా ఉండి ఎక్కువ కాలం మన్నుతుందని చెబుతారు. ఈ మూడు మాటలలో ఏది ఎంతవరకు నిజమో, ఏ ఇంజిన్‌కు నిజమో తెలుసుకుంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది. అంతకంటె ముఖ్యంగా, ఇంజిన్‌ను నిజంగా పాడు చేసే కారణాల మీద శ్రద్ధ నిలుస్తుంది.

రెండు నాజిళ్లలో ఉన్న తేడా

మన దేశంలో అమ్మే పెట్రోల్ ఏ కంపెనీదైనా భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన లక్షణాలకు లోబడి ఉండాలి. పెట్రోల్‌కు ఐఎస్ 2796, డీజిల్‌కు ఐఎస్ 1460 ప్రమాణాలు వర్తిస్తాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ఇంధనం అమలులోకి వచ్చింది. దీనితో గంధకం గరిష్ఠ పరిమితి 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గింది. అంతకు ముందే, 2000 ఫిబ్రవరి 1 నుంచి, సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం దేశవ్యాప్తంగా నిలిచిపోయింది. కాబట్టి నేటి మామూలు పెట్రోల్ ఇరవై ఐదేళ్ల కిందటి పెట్రోల్ కంటె ఎంతో మెరుగైనది. దానిని నాసిరకం సరుకుగా భావించనవసరం లేదు.

ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు రవాణా ఖర్చు తగ్గించుకొనేందుకు ఒకరి రిఫైనరీ సరుకును మరొకరు తీసుకొనే ఏర్పాటు చేసుకున్నాయి. అందువలన ఒక బంకు మీద ఒక కంపెనీ పేరు ఉన్నా, అందులోని మూల ఇంధనం మరొక కంపెనీ రిఫైనరీలో తయారైనది కావచ్చును. కంపెనీల మామూలు పెట్రోళ్ల మధ్య తేడా చాలా స్వల్పంగా ఉండటానికి ఇది ఒక కారణం.

ప్రీమియం పెట్రోల్ విషయంలో తేడా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ఆక్టేన్ సంఖ్య. రెండవది, ఇంజిన్‌లో మసి, జిగురు పేరుకోకుండా కలిపే శుభ్రపరచే రసాయనాల మోతాదు. ఈ రెండూ వేరు వేరు గుణాలు. ఒకదాని ప్రయోజనాన్ని మరొకదానికి అంటగట్టడం వలననే చాలా అపోహలు ఏర్పడుతున్నాయి. కనుక వీటిని విడివిడిగా పరిశీలించాలి.

ఆక్టేన్ సంఖ్య బలానికి కొలత కాదు

పెట్రోల్ ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ ఆవిరి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి నొక్కుతుంది. సరైన సమయంలో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వను పుట్టిస్తుంది. మంట అక్కడ మొదలై క్రమంగా సిలిండర్ అంతటా వ్యాపించాలి. ఒత్తిడి, వేడి మితిమీరినపుడు మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. అపుడు ఇంజిన్‌లో టకటకమని లోహపు శబ్దం వస్తుంది. దీనినే నాకింగ్ అంటారు. ఇది ఎక్కువ కాలం కొనసాగితే పిస్టన్ దెబ్బతింటుంది.

ఈ నాకింగ్‌ను పెట్రోల్ ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 విలువ ఇచ్చి ఈ కొలమానాన్ని రూపొందించారు. ఒక పెట్రోల్ ఆక్టేన్ 95 అంటే, 95 పాళ్లు ఐసో ఆక్టేన్, 5 పాళ్లు హెప్టేన్ కలిసిన మిశ్రమం నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో అదీ అంతే తట్టుకుంటుందని అర్థం. లీటరు పెట్రోల్‌లో ఎంత శక్తి ఉన్నదో ఈ సంఖ్య చెప్పదు. 100 ఆక్టేన్ పెట్రోల్‌లో 91 ఆక్టేన్ పెట్రోల్ కంటె తొమ్మిది శాతం ఎక్కువ బలం ఉంటుందనుకోవడం పొరపాటు.

ఇంజిన్ సంపీడన నిష్పత్తి ఎంత ఎక్కువైతే ఆక్టేన్ అవసరం అంత పెరుగుతుంది. పొలంలో వాడే చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో ఈ నిష్పత్తి సాధారణంగా 8 నుంచి 9 వరకు మాత్రమే ఉంటుంది. మామూలు పెట్రోల్‌తోనే వీటిలో నాకింగ్ రాదు. రాని సమస్యకు మందు వేసినందువలన ప్రయోజనం ఉండదు. చీడ లేని పైరుపై మందు పిచికారీ చేయడం ఎటువంటిదో, తక్కువ సంపీడన నిష్పత్తి గల ఇంజిన్‌లో 100 ఆక్టేన్ పెట్రోల్ పోయడం అటువంటిదే.

టర్బో ఛార్జర్ గల కార్లు, అధిక సంపీడన నిష్పత్తి గల ఖరీదైన మోటారు సైకిళ్ల సంగతి వేరు. వీటిలో చాలా వాటికి నాక్ సెన్సార్ ఉంటుంది. ఆక్టేన్ తక్కువైతే అది గుర్తించి, ఇంజిన్ కంప్యూటర్ స్పార్క్ సమయాన్ని వెనక్కు జరుపుతుంది. అపుడు ఇంజిన్ దెబ్బతినదు గాని బలం, మైలేజి కొంత తగ్గుతాయి. ఇటువంటి వాహనాలకు తయారీదారు సూచించిన ఆక్టేన్ పెట్రోల్ వాడటం సమంజసం. ఇండియన్ ఆయిల్ సంస్థ 2020 డిసెంబరులో విడుదల చేసిన ఎక్స్‌పీ-100 ఇటువంటి ఇంజిన్లను దృష్టిలో ఉంచుకున్నదే.

అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2016లో ఈ విషయాన్ని పరీక్షించింది. మామూలు పెట్రోల్‌కు రూపొందించిన కార్లలో ప్రీమియం పెట్రోల్ పోసినపుడు బలంలో గాని, మైలేజిలో గాని, పొగలోని కాలుష్యంలో గాని చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదు. ప్రీమియం పెట్రోల్ వాడితే మంచిదని తయారీదారులే సూచించిన కార్లను అదే సంఘం 2017లో పరీక్షించగా, మైలేజి సగటున 2.7 శాతం, బలం 1.4 శాతం పెరిగాయి. అంటే, అవసరమున్న ఇంజిన్‌లో కూడా లాభం స్వల్పమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికాలోని మన బంధువులు అక్కడ 87 ఆక్టేన్ పెట్రోలే పోస్తున్నామని చెప్పినపుడు, అది మన పెట్రోల్ కంటె తక్కువ రకమని భావించరాదు. అక్కడ రెండు పరీక్షా పద్ధతుల సగటును బంకు మీద రాస్తారు. మన దేశంలో వాటిలో ఎక్కువ అంకె వచ్చే పద్ధతి విలువను చెబుతారు. అక్కడి 87 మన లెక్కలో ఇంచుమించు 91తో సమానం.

శుభ్రపరచే రసాయనాలు: ఇందులో కొంత నిజం ఉన్నది

పెట్రోల్ పూర్తిగా మండనపుడు, వేడికి దానిలోని కొన్ని పదార్థాలు రూపం మారినపుడు ఇంజెక్టర్ రంధ్రాల వద్ద, ఇన్‌టేక్ వాల్వుల మీద మసి, జిగురు పేరుకుంటాయి. ఇంజెక్టర్ చిమ్మే తుంపర చెదురుతుంది. వాల్వు మీది మసి పెట్రోల్‌ను పీల్చుకొని మిశ్రమం పాళ్లను మార్చివేస్తుంది. ఫలితంగా స్టార్టింగ్ కష్టమవుతుంది, ఐడిలింగ్ సమంగా ఉండదు, మైలేజి తగ్గుతుంది. పాలీఈథర్ అమీన్ వంటి రసాయనాలను తగిన మోతాదులో కలిపితే ఈ పేరుకోవడం తగ్గుతుంది.

అమెరికాలో 1995 నుంచి పెట్రోల్‌లో ఇటువంటి రసాయనం కనీస మోతాదులో తప్పనిసరి అయింది. ఆ కనీస మోతాదు చాలదని భావించి బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టయోటా కంపెనీలు 2004లో టాప్ టియర్ అనే మెరుగైన ప్రమాణాన్ని ప్రవేశపెట్టాయి. ట్రిపుల్ ఏ 2016లో జరిపించిన మరొక పరీక్షలో, ఇంజిన్‌ను సుమారు 6,400 కిలోమీటర్ల ప్రయాణానికి సమానంగా నడిపిన తరువాత, టాప్ టియర్ కాని పెట్రోళ్లలో మసి సగటున 19 రెట్లు ఎక్కువగా కనిపించింది. పెట్రోళ్లన్నీ ఒకటే అనే వాదన కూడా పూర్తిగా సరికాదని ఈ ఫలితం తెలియజేస్తున్నది.

అయితే ఈ ఫలితాన్ని మన పరిస్థితులకు అన్వయించేటపుడు మూడు విషయాలు గమనించాలి. మొదటిది, టాప్ టియర్ గుర్తింపు పొందిన కంపెనీ తన మామూలు పెట్రోల్‌లో సైతం ఆ రసాయనాన్ని కలపాలి. కనుక అక్కడ తేడా రసాయనం వలన వచ్చినదే గాని ఆక్టేన్ వలన వచ్చినది కాదు. రెండవది, ఇన్‌టేక్ వాల్వు వెనుక పెట్రోల్ చిమ్మే ఇంజిన్లలోనే వాల్వులు ఈ రసాయనంతో కడగబడతాయి. సిలిండర్‌లోకే నేరుగా చిమ్మే ఇంజిన్లలో పెట్రోల్ ఆ వాల్వులను తాకదు. అక్కడ ప్రయోజనం ఇంజెక్టర్ల వరకే పరిమితం. మూడవది, పొలంలోని చిన్న యంత్రాలలో ఎక్కువ వాటికి ఇంజెక్టర్లు ఉండవు, కార్బురేటర్ ఉంటుంది. వాటి జెట్ మూసుకుపోవడానికి ముఖ్య కారణం నెలల తరబడి ట్యాంకులో నిలిచిపోయిన పెట్రోల్. ఎంత ఖరీదైన పెట్రోలైనా నిలవ ఉంచితే ఆవిరి పోయి జిగురు మిగులుతుంది.

ఖర్చు, ఫలితం

మామూలు పెట్రోల్ లీటరు 108 రూపాయలు, ప్రీమియం పెట్రోల్ 115 రూపాయలు అని ఉదాహరణకు అనుకుందాం. మామూలు పెట్రోల్‌తో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు కిలోమీటరు ఖర్చు 7 రూపాయల 20 పైసలు. ప్రీమియం పెట్రోల్‌తో ఇదే ఖర్చు రావాలంటే కారు లీటరుకు దాదాపు 16 కిలోమీటర్లు ఇవ్వాలి. అంటే మైలేజి ఆరున్నర శాతం పెరగాలి. ప్రీమియం సూచించిన కార్లలోనే సగటు పెరుగుదల 2.7 శాతం అని పైన చూశాము. కాబట్టి మైలేజి ఒక్కదాని వలన అదనపు ధర తిరిగి రావడం చాలా అరుదు.

ఎవరికి వారు పరీక్షించుకోవచ్చును కూడా. ట్యాంకు అంచు వరకు నింపి, మీటరు అంకె రాసుకొని, వాడిన తరువాత అదే బంకులో అదే అంచు వరకు నింపి ఎన్ని లీటర్లు పట్టినదో చూడాలి. మామూలు పెట్రోల్‌తో మూడుసార్లు, ప్రీమియంతో మూడుసార్లు, ఒకదాని తరువాత ఒకటి మార్చి మార్చి చేయాలి. దారి, బరువు, టైర్లలో గాలి ఒకే విధంగా ఉండాలి. స్ప్రేయర్ వంటి యంత్రానికైతే ఖాళీ ట్యాంకులో కొలిచిన అర లీటరు పోసి, ఒకే త్రొటిల్ వద్ద ఎన్ని నిమిషాలు నడిచిందో చూడాలి. ఒక్కసారి చూసి నిర్ణయానికి రావడం సరికాదు. ఎరువు ప్రయోగంలో ఒకే మడి దిగుబడి చూసి తీర్పు చెప్పనట్లే ఇక్కడ కూడా పునరావృత్తి అవసరం.

ఇథనాల్ కలిసిన పెట్రోల్

20 శాతం ఇథనాల్ కలిపిన ఇ-20 పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో ప్రారంభమై 2025 నాటికి దేశమంతటా విస్తరించింది. చెరకు, మొక్కజొన్న, నూకలు దీనికి ముడిసరుకు గనుక రైతుకు ఇది మార్కెట్ కూడా. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ. ఇ-20తో ఆక్టేన్ 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ ప్రకటించింది. అందువలన 95 అన్న అంకె ఒక్కటే చూసి అదనపు ధర చెల్లించవలసిన కారణం మరింత తగ్గింది.

అయితే ఇథనాల్‌లో శక్తి తక్కువ. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్లు ఉంటే, లీటరు ఇథనాల్‌లో సుమారు 21 మాత్రమే ఉంటాయి. ఇథనాల్ లేని పెట్రోల్‌కు రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో ఇ-20 వలన ఇంధన సామర్థ్యం 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాలలో 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక అంచనా వేసింది. ప్రీమియం పెట్రోల్‌లో ఇథనాల్ ఉన్నదా లేదా అన్నది పేరును బట్టి ఊహించక బంకులో అడిగి తెలుసుకోవాలి.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వర్షాకాలంలో మూత సరిగా లేని డబ్బాలోకి నీరు చేరితే, ఒక పరిమితి దాటిన తరువాత ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. ఇంజిన్‌కు పైపు ట్యాంకు అడుగు నుంచే పోతుంది గనుక మొదట చేరేది ఆ నీటి పొరే. ఇంజిన్ స్టార్ట్ కాదు, లోపలి లోహ భాగాలు తుప్పు పడతాయి. పాత యంత్రాలలో రబ్బరు గొట్టాలు, సీళ్లు ఉబ్బి పగిలే అవకాశం కూడా ఉన్నది. వాటిని ఇథనాల్‌ను తట్టుకొనే రకంతో మార్చుకోవాలి.

టూ స్ట్రోక్ యంత్రాలలో ముఖ్యమైన విషయం

పాత రకం స్ప్రేయర్లు, చాలా బ్రష్ కట్టర్లు టూ స్ట్రోక్ ఇంజిన్‌తో పనిచేస్తాయి. వీటిలో పిస్టన్‌కు కందెన అందేది పెట్రోల్‌లో కలిపిన 2టీ ఆయిల్ ద్వారా మాత్రమే. తయారీదారు 50:1 అని సూచిస్తే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు, 25:1 అని సూచిస్తే 40 మిల్లీలీటర్లు కలపాలి. ప్రీమియం పెట్రోల్‌లో రసాయనాలు ఉన్నాయి గదా అని ఆయిల్ మానివేసినా, తగ్గించినా పిస్టన్ పట్టివేస్తుంది. శుభ్రపరచే రసాయనం కందెనకు ప్రత్యామ్నాయం కాదు.

ట్రాక్టర్ డీజిల్

డీజిల్ ఇంజిన్‌కు ఆక్టేన్‌తో సంబంధం లేదు. డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో తెలిపే సీటేన్ సంఖ్య ఇక్కడ కొలమానం. బీఎస్-6 డీజిల్‌లో ఇది కనీసం 51 ఉండాలి. ట్రాక్టర్‌కు ఇది సరిపోతుంది. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ప్రమాణాలు వచ్చాయి. వీటిలోని కామన్ రెయిల్ ఇంజెక్టర్లు చాలా సున్నితమైనవి. డీజిల్ పేరు కంటె డీజిల్‌లోని నీరు, దుమ్ము వాటికి ఎక్కువ హాని చేస్తాయి. పని ముగిసిన సాయంత్రమే ట్యాంకు నింపితే రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ నీరుగా మారే అవకాశం తగ్గుతుంది. డ్రమ్ములో తెచ్చిన డీజిల్‌ను ఒక రాత్రి తేరనిచ్చి, అడుగు కదలకుండా పై భాగం వాడాలి. జింకు పూత వేసిన డబ్బాలలో డీజిల్ నిలవ చేయరాదు.

బంకులో చేయదగిన పరీక్షలు

కల్తీ పెట్రోల్ చేసే నష్టాన్ని ఏ పేరూ పూడ్చలేదు. అనుమానం కలిగినపుడు వినియోగదారు ఈ పరీక్షలు కోరవచ్చును.

1. ఫిల్టర్ కాగితం పరీక్ష: నాజిల్ మొనను శుభ్రం చేసి కాగితంపై ఒక చుక్క వేయాలి. రెండు నిమిషాలలో మరక మిగలకుండా ఆరిపోతే కల్తీ లేదని ప్రాథమికంగా భావించవచ్చు. మరక మిగిలితే అనుమానించాలి.

2. సాంద్రత పరీక్ష: 15 డిగ్రీల ఉష్ణోగ్రతకు సవరించిన సాంద్రత, సరుకు వచ్చినపుడు నమోదైన దాని కంటె ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండరాదు. బీఎస్-6 పెట్రోల్ సాంద్రత 720 నుంచి 775 మధ్య ఉండాలి.

3. కొలత పరీక్ష: తూనికలు కొలతల శాఖ ముద్ర గల 5 లీటర్ల పాత్రతో కొలిపించాలి. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గరాదు.

ఆచరించవలసిన సూచనలు

• యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో కనీస ఆక్టేన్, ఇథనాల్ పరిమితి చూసి, దానికి సరిపోయే పెట్రోల్‌లో చవకైనది వాడాలి.

• ప్రీమియం తప్పనిసరి అని పుస్తకంలో ఉన్న కార్లకు, మోటారు సైకిళ్లకు అదే వాడాలి. అక్కడ పొదుపు చేయరాదు.

• ఇంజెక్టర్లు గల మామూలు కారులో ఐడిలింగ్ చెడినపుడు, శుభ్రపరచే రసాయనం గల పెట్రోల్‌ను కొన్ని ట్యాంకుల పాటు వాడి చూడవచ్చు. ఎప్పుడూ వాడవలసిన అవసరం లేదు.

• మామూలు పెట్రోల్‌తో నాకింగ్ వినిపిస్తే, ప్రీమియంకు మారే ముందు స్పార్క్ టైమింగ్, ప్లగ్, శీతలీకరణ, సిలిండర్‌లోని మసి పరీక్షింపజేయాలి.

• చిన్న యంత్రాలకు నెల రోజులలో వాడగలిగినంత పెట్రోలే తేవాలి. పెట్రోలియం చట్టం, 1934 ప్రకారం లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి నిలవ ఉంచరాదు.

• సీజను ముగిసిన తరువాత ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ ఆగిపోయే వరకు నడిపి కార్బురేటర్‌ను కూడా ఖాళీ చేయాలి.

• ఎయిర్ ఫిల్టర్, ఇంధన ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ శుభ్రతను పని గంటల ప్రకారం చూసుకోవాలి. దుమ్ములో పనిచేసే యంత్రానికి ఎయిర్ ఫిల్టర్‌ను రోజూ చూడాలి.

ముగింపు

ప్రీమియం పెట్రోల్ మోసం కాదు, అద్భుతం కూడా కాదు. అధిక ఆక్టేన్ అవసరమున్న ఇంజిన్‌కు అది సరైన ఇంధనం. అవసరం లేని ఇంజిన్‌కు అది అదనపు ఖర్చు మాత్రమే. శుభ్రపరచే రసాయనాల మేలు నిజమే గాని, అది ఎక్కువగా ఇంజెక్టర్లు గల వాహనాలకు చెందుతుంది. తెగులు ఉధృతంగా ఉన్న రోజున స్ప్రేయర్ మొరాయిస్తే జరిగే నష్టం ముందు లీటరుకు ఏడు రూపాయల లెక్క చాలా చిన్నది. ఆ నష్టాన్ని తప్పించేవి తాజా పెట్రోల్, నీరు చేరని డబ్బా, సరైన పాళ్లలో ఆయిల్, శుభ్రమైన ఫిల్టర్. ప్రీమియంకు పెట్టదలచిన సొమ్మును మొదట వీటిపై వెచ్చిస్తే యంత్రం అవసరమైన రోజున పని చేస్తుంది.